తొంభై అయిదు దగ్గర గీత

మంగళవారం
నాచారం

నా మొండి బావకు,

ఒక్క ఇంట్ల ఉండుకుంట ఉత్తరం రాసుడేందని నవ్వుతవేమో. నవ్వు, జర మంచిగనన్న ఉంటది. దసరా సంది నీ మొఖం మీద నవ్వు సూడలే. నేను పొద్దుగాల షిఫ్టుకు పోయి వచ్చేసరికి నువ్వు మధ్యాహ్నం షిఫ్టుకు పోయి ఉంటవ్. నువ్వొచ్చేదాక నేను కండ్లల్ల ఒత్తులేసుకొని సూస్తె, నువ్వు చెయ్యి కడుక్కొని గోడ దిక్కు తిరిగి పంటవ్. ఫోన్ల రాద్దామంటే మేనేజర్ రమేష్ సార్ ఒక్కొక్కరి ఫోను అడిగి తీస్కొని దసరా నాటి ఫోటోలు, మెసేజులు సూస్తున్నడు. గందుకే ఈ కాగితం. నీ టిఫిన్ డబ్బా కింద పెడుతున్న. చదివి చింపెయ్.

నిన్న ఏమైందో నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటరు. గని సూసింది నేను, నా నోటి నుంచి ఇను. రాకెట్ల పోయే మన పెట్టెను పెద్ద డ్రమ్ముల పెట్టి, లోపలి గాలంత గుంజేసి, ఇంకా ఏం మిగిలిందో ఆరా తీసే మిషన్ ఆన్ చేసిన. రోజూ వచ్చే గీతలు నాకు ఇంటి పక్కోళ్ల మొఖాల లెక్క. ఇది నీళ్ల ఆవిరి, ఇది నత్రజని అని సూడకుండనే చెప్త. నిన్న తొంభై అయిదు దగ్గర ఒక గీత నిటారుగ లేసింది. నూటయాభై రెండు దగ్గర ఇంకోటి, చిన్నది. మిషన్ ఖరాబైందేమో అనుకున్న. బంద్ చేసి మల్ల పెట్టిన. మల్ల గదే.

మన పెట్టె పెద్ద సైంటిస్టు గిరిప్రసాద్ సార్ వచ్చి నా ఎనక నిలవడి సూసిండు. ఆయన మాట్లాడక ముందుగాల అద్దాలు తీసి తుడుసుకుంటడు గదా, అట్లనే తుడుసుకున్నడు. "కర్పూరం అమ్మా ఇది. మన క్లీన్ రూమ్‌లో ఎవరో కర్పూరం పెట్టారు" అన్నడు. కోపంగ అన్నా బాగుండు బావా. ఏడుపు గొంతు పెట్టిండు.

మొదటి రోజు సార్ మనందరిని కూసోబెట్టి చెప్పింది యాదికున్నదా? సూర్యుడు ఒక్క కాడ నిలవడడు, మనల్నందరిని ఎంటేసుకొని పోతనే ఉంటడు, ఇప్పుడు చుక్కల నడుమ ఉండే ఒక పల్చటి మబ్బుల నుంచి పోతున్నడు. ఆ మబ్బుల ఏమేమున్నయి, ఏది ఎంతున్నది, సూర్యుడు పుట్టిన కాడ ఉన్నంతనే ఉన్నదా తక్కువనా అని తెలుసుకునేందుకే మన పెట్టె. అండ్ల ఎక్కువ హైడ్రోజనే. ఒక లీటరు సీసాల రెండు వందల అణువులుంటయట. హీలియం పదో పదిహేనో. ఒక్క ఆక్సిజన్ అణువు కావాల్నంటే ఇరవై సీసాలు దేవులాడాలె. "గింత పల్చటి మబ్బుకు గింత పెద్ద పెట్టా సార్?" అని నువ్వన్నవ్, అందరు నవ్విన్రు, సార్ కూడ నవ్విండు. "అంత పల్చగా ఉంది కాబట్టే విక్రమ్, మన చెమట ఒక్క చుక్క పడినా ఇక మబ్బు కనపడదు, మన చెమటే కనపడుతుంది" అన్నడు.

గా మాటనే ఇప్పుడు నిజమైంది. మబ్బుల హీలియం వచ్చి, అణువులను పట్టనీకి మన పెట్టెల పెట్టిన రేకును కొడితే, రేకు మీద పడ్డ కర్పూరంల నుంచి ఆక్సిజన్ ఎగిరి పడతది. దాన్ని మనం చుక్కల నడుమ దొరికిన ఆక్సిజన్ అని లెక్క రాస్తం. మూడేండ్లు చేసిన పనికి అవద్ధం రాస్తం. సార్ అందరి ముందల ఒక్కటే అడిగిండు. కర్పూరం కాల్చిన్రా, ఊకె పెట్టిన్రా చెప్పమన్నడు. ఊకె పెట్టిన ఆవిరైతే రేకును డ్రమ్ములనే ఏడి చేసి పోగొట్టొచ్చట. కాల్చినదైతే కంటికి ఆనని మసి పడి ఉంటది, ఏడి చేస్తే అది రేకుకే అతుక్కపోతది. అప్పుడు రేకు పారెయ్యాలె. కొత్త రేకు తయారయ్యేదాక రాకెట్ ఆగదు, మన పెట్టె ఇక్కడ్నే ఉండిపోతది. శుక్రవారం పొద్దుగాల తేల్చేస్త అన్నడు. చెప్పినోళ్లను ఏమనను అని కూడ అన్నడు. 

ఇగ నేను అడుగుత బావా. దసరా నాడు బయట వర్క్‌షాపుల లేత్ మిషన్లకు పూజ చేసిన్రు, పసుపు కుంకుమ పెట్టిన్రు, గుమ్మడికాయ కొట్టిన్రు. అటెన్క క్లీన్ రూమ్ తాళం నీ ఒక్కని చేతికే ఇచ్చిన్రు. రేకు బిగించింది నువ్వే. నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీ బనీను నుంచి కర్పూరం వాసన వచ్చింది. మన పెట్టెకు హారతి ఇచ్చినవా? ఇస్తే ఎందుకిచ్చినవో నాకు తెల్వదా? మనోళ్లు కొత్త స్కూటర్ కొన్నా నిమ్మకాయ తొక్కియ్యంది గల్లీ దాటరు. గంత దూరం పోయే పెట్టెను ఉత్త చేతులతోని సాగనంపాలంటే నాకే మనసొప్పలే. నాతోని చెప్పు. నేనేమన్న పరాయిదాన్నా?

ఇంకొకటి. ఇది చిన్నదే, గని నాలుగు రోజుల సంది లోపల గుచ్చుతున్నది. లాలాపేట్ ఫ్లైఓవర్ మీద నువ్వు బండి మీదికెల్లి పడ్డప్పటి సంది నాకు నిద్ర లేదు. దానికి తోడు రాకెట్ ఎగిరే కాడికి పెట్టె ఎంట పోయేటోళ్లల్ల నీ పేరొచ్చిందని అందరి కండ్లు నీ మీదనే ఉండె. గందుకే ఉప్పల్ల మా అమ్మ దిష్టి మూట కట్టి పంపింది. నువ్వు ఆ రూములకు ఏం తీస్కపోవద్దన్నవ్, నేను నా మీద ఒట్టు పెట్టి నీ బనీనుకు లోపటి దిక్కు కుట్టిన. మాపటికి సూస్తే దారప్పోగులే ఉన్నయి, మూట లేదు. అడిగితే పలుకలే. పారేసినవా? నా ఒట్టుకు గింతేనా ఇలువ? ఆ మబ్బుల ఆక్సిజన్ లెక్కకు తక్కువొస్తే, అది లేక కాదు, దుమ్ముల చిక్కుకొని ఉన్నదని సార్ అంటుంటడు. నీ మాటలు ఏ దుమ్ముల చిక్కుకున్నయో.

డబ్బాల సొరకాయ కూర ఉన్నది. తిను. జవాబు రాయి.

నీ దీప


బుధవారం

విక్రమ్ గారికి,

డబ్బా వచ్చింది. సగం కూర మిగిలే ఉన్నది. ఉత్తరం లేదు, జవాబు లేదు. సరే.

ఇయ్యాల రమేష్ సార్ సత్తమ్మను పట్టుకున్నడు. చీపుర్లు, బకెట్లు పెట్టుకునే అర్రల ఆమె సంచి దేవులాడితే హారతి కర్పూరం పాకెట్ దొరికింది. అది లేత్ మిషన్ల పూజల మిగిలింది, ఇంట్ల దీపానికి పనికొస్తదని ఎవరో ఆమె చేతుల పెట్టిన్రు, మనందరం సూసినమే. అయినా సార్ దాన్ని పైకి లేపి పట్టుకొని, "ఇదేంది సత్తమ్మా? రూముల దీపం పెట్టింది నువ్వే కదా?" అని అందరి ముందల అడిగిండు. నీ తల్లి వయసు ఆమెది. బట్టలు మార్చుకునే రూమును అద్దం లెక్క ఉంచుతది, మనం ఇడిసేసిన సూట్లు మడత పెడతది, క్లీన్ రూమ్ గడప ఒక్కనాడు తొక్కలే. నిలవడి నేల దిక్కు సూసింది. అవునన్లే, కాదన్లే.

నేను ఊకోలే. "ఆ రోజు కర్పూరం ముట్టుకోని చెయ్యి ఎవలది సార్? నా చేతికి కూడ ఉండె" అన్న. "అయితే నీకు తెలిసిన పేరు చెప్పు" అన్నడు. నా నాలిక మీద ఒక్కటే పేరున్నది. మింగిన. రేపటి సంది రావద్దని సత్తమ్మను పంపేసిండు. ఆమె నెత్తి మీద కొంగు కప్పుకొని గేటు దాటుతుంటే నేను కిటికీల కెల్లి సూసుకుంట నిలవడ్డ. నా మీద నాకే అసహ్యమైంది.

షిఫ్టు దిగి సీదా మౌలాలికి పోయిన. గుట్ట కింద గల్లీల ఆమెది ఒక్కటే అర్ర. చాయ్ పెట్టిచ్చింది.  "నువ్వు కాదని ఎందుకు అన్లేదమ్మా?" అని అడిగిన. "నాకు ఎర్కే బిడ్డ, ఆ వాసన ఏడికెల్లి వచ్చిందో. గని చెప్ప" అన్నది. ఎవరని గట్టిగ అడిగితే నా చెయ్యి పట్టుకొని, "ఎవ్వలకు చెప్పినా చెప్త గని నీకు చెప్ప" అన్నది.

నాకే ఎందుకు చెప్పదో అర్థం చేసుకోనీకి పెద్ద చదువు కావాల్నా? నాచారం దాక ఆటోల కూసొని ఏడ్చిన. డ్రైవర్ అద్దంల సూసి పాటలు బంద్ చేసిండు.

నువ్వు హారతి ఇచ్చినందుకు కాదు నా కోపం. ఇచ్చి, నోరు మూసుకొని, నువ్వు అమ్మా అని పిలిచే ఆమె నీ బదులు తల దించుకుంటే ఊకున్నందుకు. నేను ఎవల మెడల తాళి కట్టిచ్చుకున్ననో నాకే తెల్వకుండైంది. శుక్రవారం రిపోర్టు నా చేతుల నుంచే పోవాలె. అంతల నువ్వు చెప్తే మంచిది. లేకుంటే తాళం ఎవలి కాడ ఉండెనో, ఇంటికొచ్చినప్పుడు ఎవలి బనీను వాసనొచ్చిందో నేనే రాస్త. నీ పేరు రాస్త. 

దీప


గురువారం

దీపా,

రెండు ఉత్తరాలు చదివిన. చింపిన.

అవును, నేనే. రేకు బిగించినంక పెట్టె ముందల కర్పూరం ముట్టిచ్చిన. నిన్న షిఫ్టు అయిపోంగనే రమేష్ సార్‌కు చెప్పిన. సత్తమ్మను మల్ల పిలిపిస్తమన్నడు. నన్ను రావద్దన్నడు. రిపోర్టుల నువ్వు ఏం రాసే పని లేదు, నువ్వు ఎక్కడ నోరు తెరవకు.

మూట ఎక్కడనో ఊడి పడిపోయింది. దాని గురించి మీ అమ్మను అడగకు.

సొరకాయ కూర మంచిగుండె. ఆకలి లేకుండె. ఉత్తరం కింద నీ పేరు ముందల 'నీ' అని రాయలే నువ్వు. సూసిన.

విక్రమ్


శనివారం

బావా, నా బావా,

నువ్వు గురువారం పొద్దుగాలనే భువనగిరిల మీ అన్న కాడికి పోతున్ననని చెప్పి పోయినవ్. ఫోన్ బంద్ చేసినవ్. ఇది మీ అన్నకు తెలిసిన లారీ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్న, రేపటికి నీకు అందుతది.

నీ కాగితం చదివినప్పుడు ముందుగాల నా గుండె నిమ్మళమైంది. ఒప్పుకున్నడు, మనిషే అనుకున్న. తల దువ్వుకుంటున్నా, డబ్బా కడుగుతున్నా, ఒక్క మాట మాత్రం పంటి కింద రాయి లెక్క తగులుతనే ఉన్నది. మీ అమ్మను అడగకు అన్నవ్. ఎందుకు అడగొద్దు? ఊడిపోయిన మూట గురించి మా అమ్మకు తెలిసేదేముంటది? నువ్వు అవద్ధాలు ఆడ రానోనివి బావా. వద్దన్న కాడనే ఏలు పెట్టి సూపిచ్చినట్టు చేస్తవ్.

గురువారం షిఫ్టు దిగినంక, మల్ల పనికి పిలిచిన్రని చెప్పనీకి సత్తమ్మ దగ్గరికి పోయిన. ఆమె సంబురపడలే. "విక్రమ్ ఒప్పుకున్నడా? ఏమని?" అన్నది. హారతి ఇచ్చిన అన్నడని చెప్పిన. ఆమె నెత్తి కొట్టుకున్నది. లేసి, బియ్యం డబ్బా మూత తీసి, అండ్లకెల్లి ఒక చిన్న గుడ్డ తీసి నా ఒళ్లె ఏసింది. ఆకుపచ్చ గుడ్డ. ఎర్ర దారం. నా బతుకమ్మ జాకెట్ కుట్టంగ మిగిలిన ముక్క, నేను అమ్మకిచ్చిన. అంచుకు నా కుట్టే.

"దసరా నాడు నీ పెనిమిటి రూముల కెల్లి బయటికొచ్చి, బనీనుల చెయ్యి పెట్టి దీన్ని పీకి చెత్తబుట్టల ఏసిండు బిడ్డ. ఆయన మొఖం తెల్లగైంది. నేను తీసి ముక్కు కాడ పెట్టుకున్న. కర్పూరం వాసన. ఆ గుడ్డ జాకెట్ బతుకమ్మ నాడు గేటు కాడ నీ మీద సూసిన్నాయె, నాకు ఎర్కే. నీ చేత్తోని కట్టి పంపినవని నీకెట్ల చెప్ప?" అన్నది.

అక్కడ్నే కూసొని అమ్మకు ఫోన్ చేసిన. మూటల ఏమేసినవే అంటే, "ఏముంటది బిడ్డ, జర ఉప్పు, ఆవాలు, ఎండు మిరపకాయ, ఒక కర్పూరం బిళ్ల" అన్నది. మా అమ్మ సూర్యకళకు దిష్టి తగులుడు తెలుసు గని డ్రమ్ములు, గీతలు ఏం తెలుసు. తెలిసినదాన్ని నేను. ఆ పొద్దు ఇల్లంత అగరుబత్తి, కర్పూరం వాసనే ఉండె, మూట వాసన నాకెట్ల తెలుస్తది అని నాకు నేను చెప్పుకున్న. అది సాలదు. నువ్వు వద్దన్నవ్. నేను ఒట్టు పెట్టిన. రూములకు పూలు పెట్టుకొని రావద్దు, పౌడర్ పూసుకొని రావద్దు అని అందరికి చెప్పేదాన్ని, నా మొగనికి మాత్రం లోపట కుట్టి పంపిన. నువ్వు రేకు మీదికి వంగి పని చేసినంతసేపు నా మూట నీ ఛాతి ఏడికి కరుగుకుంట ఉన్నది. విప్పి సూస్తే ఉప్పున్నది, ఆవాలున్నయి, మిరపకాయున్నది. కర్పూరం లేదు. అదంత ఆవిరై మన పెట్టెల పడ్డది.

గప్పుడు ఇంకొకటి తట్టింది. నువ్వు నన్ను దాచనీకి కాల్చిన అని చెప్పినవ్. కాల్చిన అంటే మసి. మసి అంటే రేకు పారేస్తరు. నేను చెప్పకుంటే నీ అవద్ధం పెట్టెను మింగుతది. చెప్తే నా పని పోతది. ఆ రాత్రంత ఎట్ల గడిసిందో రాయ.

నిన్న పొద్దుగాల నేను పోయేసరికి సార్ రేకు తీయమని చెప్పనే చెప్పిండు. ఇద్దరు ఫిట్టర్లు డ్రమ్ము మూత కాడ స్పానర్లు పట్టుకొని ఉన్నరు. "ఆగున్రి" అని ఒర్లిన. నా గొంతేనా అది అనిపిచ్చింది. రమేష్ సార్ ఏందమ్మా లొల్లి అన్నడు. నేను ఆకుపచ్చ గుడ్డ తీసి గిరిప్రసాద్ సార్ బల్ల మీద పెట్టిన. విక్రమ్ ముట్టియ్యలే సార్, ఇది నేను కుట్టి పంపిన, ఆయనకు లోపలేమున్నదో తెల్వదు, నాకు తెల్వదు, ఒట్టి బిళ్ల, నిప్పు తగల్లే అని చెప్పిన. చెప్పేటప్పుడు ఏడుపు రాలే బావా.

సార్ అద్దాలు తుడుసుకున్నడు. "కాల్చలేదని నీకు నమ్మకమేనా?" అన్నడు. అవునన్న. "నీ మాట తప్పైతే వేడికి మసి అతుక్కుంటుంది. రేకు ఎలాగూ పారేసేదే. నీ మాట నిజమైతే మాత్రం, వేడి పెట్టకపోతే మంచి రేకును నా నోటితోనే పారెయ్యమన్నానన్న బాధ మిగులుతుంది" అన్నడు. ఫిట్టర్లను పక్కకు జరగమని, "సరే, వేడి నువ్వే పెట్టు" అన్నడు.

పెట్టిన. తొంభై అయిదు దగ్గర గీత దిగలే. పైకి లేసింది. ఇంకా లేసింది. ఎన్నడు సూడనంత ఎత్తు లేసింది. రమేష్ సార్ "చూసిన్రా?" అన్నడు. ఏడికి ముందుగాల అన్ని బయటికొస్తయని నాకు తెలుసు, అయినా ఇంకోసారి ఏడి లెక్క సూసుకున్న. సార్ కుర్చీ గుంజుకొని నా పక్కన కూసున్నడు. ఇద్దరం గీతనే సూసినం. అన్నానికి కూడ లేవలే. మాపటికి గీత ఒక్క దగ్గర ఆగినట్టైంది. మల్ల జర ఒంగింది. ఇయ్యాల పొద్దుగాలకు సగానికి దిగింది. ఇంక రెండు రోజులు ఏడి పెడితే పోతదని సార్ అన్నడు. మసిదైతే ఇట్ల దిగకపోతుండెనట.

ఇప్పుడు మన సంగతి. చెప్పినోళ్లను ఏమనను అన్న మాట మీద సార్ నిలవడ్డడు, నా పని ఉంచిండు. గీత పూర్తిగ పోయేదాక మిషన్ ముందల నుంచి లేవొద్దన్నడు. నీ పని కూడ ఉంచిండు, సోమవారం రమ్మన్నడు. గని పెట్టె ఎంట నిన్ను పంపనన్నడు. "అతను భార్య కోసమే అబద్ధం చెప్పాడు, నాకు తెలుసమ్మా. కానీ ఆ అబద్ధాన్ని నమ్మి నేను రేకు పారెయ్యబోయాను. పెట్టె పక్కన నిలబడే మనిషి నాకు నిజం చెప్పాలి" అన్నడు.  నువ్వెంత ఆశ పడ్డవో, రాకెట్ లేసుడు సూస్తనని గల్లీలందరికి ఎంత చెప్పుకున్నవో నాకు తెలుసు. నా మూలాన పోయింది. సత్తమ్మ వచ్చింది. రమేష్ సార్ ఆమెకు ఏం చెప్పాల్నో తెల్వక చాయ్ తాగినవా అని అడిగిండు.

బావా, నా పేరు బయటికి రావద్దని నువ్వు నీ పేరిచ్చినవ్. నేనేమో నీ పేరు రాయనీకి పెన్ను తీసిన. మూడు రాత్రులు ఒక్క మంచం మీద పండుకొని, నువ్వు నన్ను ఎట్ల దాచాల్నా అని గోడ దిక్కు సూసినవ్, నేను నిన్ను ఎట్ల పట్టియ్యాల్నా అని నీ ఈపు దిక్కు సూసిన. ఇది తలుసుకుంటే అన్నం ముద్ద లోపలికి పోతలేదు. నీ మీద కోపం కూడ ఉన్నది. నన్ను అడగాలె నువ్వు. నీ మూటనే దీపా అని ఒక్క మాట అంటే ఏడ్సేదాన్ని, అరిసేదాన్ని, మల్ల ఇద్దరం కలిసి పోయి చెప్పేటోళ్లం.

మా అమ్మకు ఏం చెప్పలే. మూట మంచిగ పని చేసింది అన్న, మనిషి సల్లగున్నడు అన్న. ఆ గుడ్డను ఉతికి దండెం మీద ఆరేసిన. ఇంకా వాసన పోలే.

రేపు మాపటి బస్సుకు రా. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ దిగు, నేను బండేసుకొని వస్త. మీ అన్నకు ఏం చెప్పకు, నేనే వచ్చి చెప్త. ఇంటికొచ్చినంక మాట్లాడకున్నా మంచిదే. గోడ దిక్కు మాత్రం తిరగకు.

నీ దీప